మా బాబుకి జీ6పీడీ తక్కువట, తీపి మానెయ్యాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది జగిత్యాల దగ్గర ఊరు, మా ఆయన దుబాయ్‌ల పని చేస్తడు. నాకు తొలి కాన్పు, బాబు పుట్టి 17 దినాలైంది. మూడోనాడు పచ్చగైతే రెండు రోజులు లైట్ కింద పెట్టిన్రు, తగ్గింది. మడిమ కాడ రక్తం తీసి పంపిన టెస్టుల జీ6పీడీ డెఫిషియెంట్ అని వచ్చింది. పేరుల గ్లూకోజ్ ఉంది కాబట్టి ఇది షుగరే అని మా అత్తమ్మ నన్ను చాయ్‌ల చక్కెర గూడ వేసుకోనిస్తలేదు. వాట్సాప్‌ల ఎవరో తినకూడనివి అని పెద్ద లిస్టు పంపిన్రు, దాంట్ల చిక్కుడు, బఠానీ, శనగ, సోయా, మినపప్పు అన్నీ ఉన్నయి, నేను ఇడ్లీ గూడ బంద్ పెట్టిన. ఆపరేషన్ అయినంక యూరిన్ ఇన్ఫెక్షన్ అని నైట్రోఫ్యూరాంటోయిన్ గోలీలు రాసిన్రు, నిన్నటి సంది వేసుకుంటున్న. ఈ ఆదివారం 21 దినాల తొట్టెల ఉంది. ఇది మా పుట్టింటి నుంచే వచ్చిందని ఆడబిడ్డ అంటున్నది. మా తమ్మునికి గూడ పుట్టినప్పుడు కామెర్లు బాగొచ్చి రక్తం మార్చిన్రట. మా బాబు బతుకంతా మందుల మీదనేనా?

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ నైట్రోఫ్యూరాంటోయిన్ సంగతి చూడండి. ఈరోజే మీకు రాసిన డాక్టర్‌కి ఫోన్ చేసి "బాబుకి జీ6పీడీ లోపం ఉందని రిపోర్ట్ వచ్చింది, నేను పాలిస్తున్నాను, ఈ మందు మార్చి ఇంకోటి ఇవ్వండి" అని ఈ మూడు ముక్కలూ చెప్పండి చాలు, వాళ్ళకి అర్థమైపోతుంది. తల్లి వేసుకున్న మందు పాలలోకి వెళ్ళేది కొంచెమే, అయినా నెల నిండని పిల్లలకి, అందులోనూ ఈ లోపం ఉన్నవాళ్ళకి ఆ కొంచెం కూడా వద్దనే అంటారు. యూరిన్ ఇన్ఫెక్షన్‌కి వేరే యాంటీబయాటిక్స్ బోలెడున్నాయి కాబట్టి ఇదేమీ పెద్ద సమస్య కాదు. మీ అంతట మీరు మందు ఆపేసి ఊరుకోవద్దు, ఇన్ఫెక్షన్ ముదిరితే జ్వరంతో మీరే పడిపోతారు. పాలు మాత్రం ఆపకండి. రెండ్రోజుల మందుకి భయపడిపోయి డబ్బా పాలు మొదలెట్టేస్తారేమో అని ఇది గట్టిగా చెప్తున్నాను.

ఇప్పుడు మీ అత్తమ్మ గారి డౌట్. ఆవిడ పొరపాటులో కూడా ఒక లాజిక్ ఉంది, పేరే గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ అని గ్లూకోజ్‌తో మొదలైతే ఎవరికైనా షుగరే గుర్తొస్తుంది. కానీ షుగర్ జబ్బు అంటే ఇన్సులిన్ గొడవ, రక్తంలో చక్కెర పెరగడం. ఇది అది కాదు. మీ బాబు రక్తంలో చక్కెర ఎంత ఉండాలో అంతే ఉంటుంది. మీరు చాయ్‌లో చక్కెర వేసుకోవచ్చు, బెల్లం తినొచ్చు, బాలింతకి పెట్టే లడ్డూలు తినొచ్చు, రేపు బాబుకి అన్నప్రాశనలో పాయసం నాలిక్కి రాయొచ్చు. తీపికీ దీనికీ సంబంధం లేదు.

మరి ఈ ఎంజైమ్ చేసే పనేంటి అంటే, కణంలోకి వెళ్ళిన గ్లూకోజ్‌కి ముందు ఒక ఫాస్ఫేట్ తగిలిస్తారు, దాన్నే గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ అంటారు. అక్కణ్ణుంచి రెండు దార్లు. మెయిన్ రోడ్డు మీద పోతే అది ముక్కలై శక్తి వస్తుంది, ఎర్ర రక్తకణంలో చక్కెరలో ఎక్కువ భాగం అటే పోతుంది. పక్కన చిన్న సందు ఒకటుంది, పదో వంతో అంతకన్నా తక్కువో ఆ సందులోకి తిరుగుతుంది, ఆ సందు మొదట్లో నిలబడేదే మన జీ6పీడీ. ఇటు తిరిగిన చక్కెర నుంచి శక్తి కాదు, ఎన్ఏడీపీహెచ్ అనే పదార్థం తయారవుతుంది. దీని పనల్లా గ్లూటాథయోన్‌ని ఎప్పటికప్పుడు పనికొచ్చే స్థితిలో ఉంచడం, ఆ గ్లూటాథయోన్ ఏమో ఆక్సిడేషన్ వల్ల, అంటే ఇనుముకి తుప్పు పట్టినట్టు జరిగే నష్టం వల్ల, హిమోగ్లోబిన్ పాడవకుండా కాపాడుతుంది. మిగతా కణాలకి ఎన్ఏడీపీహెచ్ తయారు చేసుకోడానికి వేరే మార్గాలున్నాయి. ఎర్ర రక్తకణానికి లేవు, ఎందుకంటే దానికి మైటోకాండ్రియా లేదు, న్యూక్లియస్ కూడా లేదు. పుట్టినప్పుడు తెచ్చుకున్న ఎంజైమ్‌తోనే తన 120 రోజుల ఆయుష్షూ గడపాలి, మధ్యలో కొత్తది తయారు చేసుకోలేదు. రోజంతా ఆక్సిజన్ మోసే కణానికే ఈ తిప్పలు రావడం ఒక విడ్డూరం.

మీ బాబుకి ఆ ఎంజైమ్ ఉంది కానీ తక్కువ, లేదా తొందరగా అరిగిపోయే రకం. మామూలు రోజుల్లో ఆ ఉన్నదే సరిపోతుంది, అందుకే ఈ లోపం ఉన్నవాళ్ళలో చాలామందికి జీవితాంతం తెలియను కూడా తెలీదు. ప్రపంచం మొత్తమ్మీద 40 కోట్ల మందికి పైగా ఉంటారని అంచనా. ఎప్పుడైతే కొన్ని మందులో, కొన్ని కెమికల్సో, గట్టి జ్వరమో వచ్చి ఒక్కసారిగా ఆక్సిడేషన్ ఎక్కువైపోతుందో అప్పుడు హిమోగ్లోబిన్ చెడిపోయి ఉండలు కట్టి, కణాలు టపటపా పగిలిపోతాయి. పగిలిన కణాల్లోంచి వచ్చే పసుపే కామెర్లు, ఒంట్లో రక్తం తగ్గి పిల్లాడు పాలిపోతాడు, యూరిన్ కోలా రంగులోకి మారుతుంది. దీన్నే హీమోలిసిస్ అంటారు. కాబట్టి ఆ రెచ్చగొట్టే కారణాన్ని దగ్గరికి రానివ్వకపోతే చాలు, రోజూ వేసుకోడానికి మందంటూ ఏమీ లేదు, అవసరమూ లేదు. మీ చివరి ప్రశ్నకి ఇదే జవాబు.

ఆ వాట్సాప్ లిస్టు చింపేయండి. అంటే డిలీట్ చెయ్యండి. దాదాపు అందరికీ అదే లిస్టు తిరుగుతోంది, పప్పుదినుసులన్నీ దాన్లో పడేసి బాలింతలని చారన్నం మీద పెడుతున్నారు. తిండిలో నిజంగా గట్టి ఆధారం ఉన్నది ఒక్క ఫావా బీన్స్‌కే. దాన్లో వైసిన్, కన్‌వైసిన్ అని రెండు పదార్థాలుంటాయి, కడుపులో అవి విడిపోయి పుట్టేవే ఎర్ర కణాలని దెబ్బ తీస్తాయి, తిన్న ఒకటి రెండు రోజుల్లో కథ మొదలవుతుంది. మన పెరట్లో పందిరెక్కే చిక్కుడు, గోరుచిక్కుడు వేరే మొక్కలు, ఫావాతో పోలికే తప్ప దాన్లో ఉండే ఆ పదార్థాలు వీటిలో లేవు. మినుము, పెసర, కంది, శనగ, బఠానీ, సోయా వీటి మీద ఇలాంటి ఆధారం లేదు. ఇడ్లీ తినండమ్మా, దోసె తినండి, పప్పు వేసుకుని కడుపునిండా అన్నం తినండి, పాలు పడాలి కదా.

అయితే మీ ఇంట్లో ఫావా రావడానికి ఒక దారి ఉంది, అదే మీ ఆయన. గల్ఫ్‌లో పొద్దున పూట ఫూల్ అని గిన్నెలో పెట్టి ఖుబూస్ రొట్టెతో తింటారు చూశారా, అది ఫావా బీన్సే. ఈజిప్ట్ వాళ్ళ ఫలాఫెల్ కూడా దాంతోనే చేస్తారు. వేయించి ఉప్పుకారం చల్లిన ఫావా ప్యాకెట్లు అక్కడి సూపర్ మార్కెట్లలో దొరుకుతాయి, మనోళ్ళు వచ్చేటప్పుడు డేట్స్, బాదంతో పాటు అవీ పెట్టెలో వేసుకొస్తారు. ఇక్కడ కూడా నార్త్ నుంచి వచ్చే కొన్ని మిక్స్‌చర్ ప్యాకెట్లలో బాక్లా పేరుతో ఉంటాయి. పాలిస్తున్నన్నాళ్ళూ మీరు తినొద్దు, బాబు పెద్దయ్యాక వాడూ తినకూడదు. ఆయనకి ఈ ముక్క వాయిస్ మెసేజ్ పెట్టెయ్యండి.

తిండి కన్నా నాకు భయం వేసేది ఆదివారం తొట్టెల ఫంక్షన్ గురించి. కారణం కలరా ఉండలు, మీ వైపు డాంబర్ గోలీలు అంటారు కదా అవి. నాఫ్తలీన్‌తో చేసినవి అయితే ఈ పిల్లలకి వాటంత ప్రమాదం ఇంట్లో ఇంకోటి లేదు. మన ఇళ్ళల్లో జరిగేది ఎలా ఉంటుందంటే, ఎప్పటిదో పట్టుచీర, నానమ్మ దాచిన శాలువా, వాళ్ళ నాన్న చిన్నప్పటి చొక్కా ఇవన్నీ బీరువా అడుగు నుంచి ఆ రోజే తీస్తారు, మడతల్లోంచి ఆ గోలీ టప్పున కింద పడుతుంది, దాన్ని పక్కకి తన్నేసి చీరని నాలుగు మడతలేసి తొట్టెల్లో పరిచి, అప్పుడే నూనె పట్టించి స్నానం చేయించిన పిల్లాణ్ణి దాన్లో పడుకోబెడతారు. నాఫ్తలీన్ ఆవిరిగా ముక్కులోకీ పోతుంది, చర్మం నుంచీ పోతుంది, ఒంటికి నూనె ఉంటే ఇంకా బాగా లోపలికి లాగుతుంది. పసిపిల్లలు ఇలా దెబ్బతిన్న కేసులు మెడికల్ పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి.

కాబట్టి రేపే బీరువాలో, ట్రంకు పెట్టెలో, బాత్రూమ్ వాష్‌బేసిన్‌లో ఎక్కడ ఆ గోలీలున్నా ఏరి బయట పారేయండి. బాబుకి వాడే గుడ్డలు, తొట్టెలకి కట్టే చీర ఉతికి ఎండలో వాసన పోయేదాకా ఆరేయండి, ఉతకడానికి పనికిరాని పట్టుచీరైతే అసలు వద్దు, మెత్తటి నూలు చీర కట్టండి. ఫంక్షన్‌కి వచ్చే చుట్టాలు కూడా బీరువాలోంచి తీసిన చీరలతోనే వస్తారు, ఒకరి తర్వాత ఒకరు ఎత్తుకోవడం తగ్గించడానికి ఇదొక మంచి సాకు, వాడుకోండి. డబ్బా మీద నాఫ్తలీన్ అని లేకుండా వేరే పేరున్నా కూడా పసిపిల్ల ఉన్న ఇంట్లో ఆ గోలీలే వద్దు, పాకే వయసొచ్చాక నోట్లో పెట్టుకుంటే అది ఏ పిల్లాడికైనా విషమే. పురుగులు రాకుండా వేపాకు పెట్టుకోండి. ముద్దకర్పూరం కూడా పసివాళ్ళ ముక్కు దగ్గరా ఒంటికీ రాయకండి, కడుపులోకి పోతే ఫిట్స్ తెప్పిస్తుంది, ఇది లోపం ఉన్నా లేకపోయినా వర్తిస్తుంది.

గోరింటాకు కూడా అంతే. బాబు అరిచేతిలో చుక్క పెట్టడం, పాదాలకి రాయడం వద్దే వద్దు. ఎర్రగా పండించే లాసోన్ అనే పదార్థం నాఫ్తలీన్ తరహాదే, గల్ఫ్ దేశాల్లో పసిపిల్లలకి ఒళ్ళంతా గోరింటాకు రాసే అలవాటున్న చోట జీ6పీడీ లోపం ఉన్న పిల్లలకి రక్తం పడిపోయిన కేసులు బయటపడ్డాయి. మీరు పెట్టుకుంటే కూడా ఈ కొన్ని నెలలు వాయిదా వేసుకోమనే చెప్తాను, ఆ చేతులతోనే రోజంతా పిల్లాణ్ణి పట్టుకుంటారు కదా. కాటుక గురించి మీరు అడగలేదు, అడగకపోయినా వద్దు, దానికి కారణం వేరే.

ఇక కామెర్లు. మూడోరోజు వచ్చి లైట్ కింద తగ్గింది అన్నారు, మంచిది, ఈ లోపం వల్ల వచ్చే పెద్ద గండం ఆ మొదటి వారమే, రక్తంలో ఆ పసుపు పదార్థం, అంటే బిలిరుబిన్, మరీ పెరిగిపోతే మెదడుకెక్కుతుంది కాబట్టే లైట్ పెట్టడం, అప్పటికీ తగ్గకపోతే రక్తం మార్చడం చేస్తారు. మీ తమ్ముడికి జరిగింది అదే. ఇప్పుడు 17 రోజులు కదా, బాబుని పగటి వెలుతురులో పెట్టి నుదురు మీద, ఛాతీ మీద, అరికాలు మీద వేలితో నొక్కి వదిలి చూడండి, నొక్కిన చోట పసుపు కనిపిస్తే పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి బిలిరుబిన్ చూపించండి. రెండు వారాలు దాటాక ఉన్న పసుపుని "తల్లిపాల కామెర్లే" అని ఇంట్లో మనమే తేల్చెయ్యకూడదు, దొడ్డికి తెల్లగా సున్నంలా పోతుంటే అయితే అదే రోజు వెళ్ళాలి. మళ్ళీ ఎవరో ఒకరు పసరు మందు పోయించమంటారు, మోచేతి మీద వాత పెట్టిస్తే పోతుందంటారు. మీ ఊళ్ళో కాకపోతే పక్క ఊళ్ళో అయినా ఒకాయన ఉంటాడు, తప్పదు. ఆ పసరులో ఏముందో పోసేవాడికే తెలీదు, ఇలాంటి పిల్లాడికి అస్సలు పొయ్యకండి.

తర్వాత నెలల్లో, ఏళ్ళల్లో మీరు గుర్తుపట్టాల్సింది ఒకటే. జ్వరమో, దగ్గో, విరేచనాలో వచ్చి, లేదా కొత్త మందు వేసిన మూడు రోజుల లోపు, పిల్లాడు పాలిపోయి డల్‌గా అయిపోయినా, కళ్ళు పచ్చబడినా, డైపర్‌లో గానీ గుడ్డ మీద గానీ యూరిన్ గోధుమరంగు మరక పడినా, పొద్దున్న దాకా చూద్దాం అనకుండా ఆస్పత్రికి పోవడమే. హిమోగ్లోబిన్, బిలిరుబిన్, కొత్త ఎర్ర కణాలు ఎన్ని పుడుతున్నాయో చెప్పే రెటిక్ కౌంట్ చూస్తారు, అవసరమైతే రక్తం ఎక్కిస్తారు. అందరూ మందుల గురించే భయపడతారు గానీ నిజానికి ఎక్కువసార్లు దీన్ని రెచ్చగొట్టేది ఇన్ఫెక్షన్లే, టైఫాయిడ్, లివర్‌కి వచ్చే ఎ, ఇ రకం కామెర్లు, న్యుమోనియా లాంటివి. అందుకే టీకాలన్నీ టైమ్‌కి వేయించండి, ఈ లోపానికి టీకాలతో ఏ ఇబ్బందీ లేదు, పుట్టగానే ఇచ్చే విటమిన్ కె1 ఇంజెక్షన్‌తో కూడా లేదు. జ్వరానికి పారాసెటమాల్ చుక్కలు డాక్టర్ చెప్పిన డోసులో వెయ్యొచ్చు, దాన్ని కూడా ఆ వాట్సాప్ లిస్టులో పెట్టే ఉంటారు, జ్వరంతో మాడుతున్న పిల్లాడికి చుక్క మందు వెయ్యకుండా కూర్చునే వాళ్ళని చూస్తుంటే ఒళ్ళు మండుతుంది.

నిజంగా వద్దనాల్సిన మందులు చెప్తాను రాసుకోండి: మలేరియాకి ఇచ్చే ప్రైమాక్విన్, టాఫినోక్విన్, ఇంకా డాప్సోన్, నైట్రోఫ్యూరాంటోయిన్, మిథిలీన్ బ్లూ, క్యాన్సర్ వార్డుల్లో వాడే రాస్‌బ్యూరికేస్. నాలిడిక్సిక్ యాసిడ్, కొన్ని సల్ఫా మందుల విషయంలో డాక్టర్ ఆలోచించి ఇస్తారు. ఇవి గుర్తుండవు కాబట్టి ఒక అట్టముక్క మీద "జీ6పీడీ లోపం" అని పెద్దక్షరాలతో ఇంగ్లీషులో రాయించి బాబు టీకాల కార్డుకి స్టేపుల్ చేసి పెట్టండి, రిపోర్ట్ ఫోటో మీ ఫోన్‌లోనూ మీ ఆయన ఫోన్‌లోనూ ఉంచండి. మెడికల్ షాపులో అడిగి మందు తెచ్చుకునే అలవాటు మీ ఇంట్లో ఉంటే ఈ పిల్లాడి వరకు మానెయ్యాలి. మరీ పెద్దయ్యాక ఇంకో ముచ్చట, ఇప్పుడు బ్యూటీ క్లినిక్కుల్లో తెల్లబడ్డానికని ఎక్కించే డ్రిప్‌లు ఉన్నాయి చూడండి, వాటిలో విటమిన్ సి భారీ డోసులో కలుపుతారు, నరంలోకి ఎక్కించే ఆ డోసు ఈ లోపం ఉన్నవాళ్ళకి రక్తకణాలు పగలగొడుతుంది. ఉసిరికాయ, నిమ్మకాయ, బత్తాయి అయితే హాయిగా తినొచ్చు.

ఆ మందుల్లో ప్రైమాక్విన్‌ని మొదట చెప్పడానికి కారణం ఉంది, అసలీ లోపం దొరికిందే దాని వల్ల. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో స్టేట్‌విల్ అనే జైల్లో ఖైదీల మీద మలేరియా మందులు పరీక్షించడం మొదలెట్టారు, తర్వాత కూడా చాలా ఏళ్ళు నడిచింది. ఈ రోజుల్లో అయితే అలాంటి దానికి పర్మిషనే రాదు, రాకూడదు కూడా. అక్కడ ప్రైమాక్విన్ వేసుకున్న నల్లజాతి ఖైదీల్లో కొంతమందికి రక్తం పడిపోయేది, అందరూ ఒకే డోసు వేసుకున్నా మిగతావాళ్ళకి ఏమీ అయ్యేది కాదు. అది ఎందుకో వెతుక్కుంటూ పోయి 1956లో ఆల్ఫ్ ఆల్వింగ్, పాల్ కార్సన్ వాళ్ళ టీమ్ ఈ ఎంజైమ్ దగ్గర ఆగింది. వాళ్ళు చూసిన ఇంకో వింత ఏంటంటే మందు ఆపకపోయినా కొన్నాళ్ళకి రక్తం పడిపోవడం దానంతటదే ఆగింది, ఎందుకంటే ఎంజైమ్ అరిగిపోయిన ముసలి కణాలన్నీ అప్పటికే పగిలిపోయాయి, కొత్తగా పుట్టిన కణాల్లో కాస్త ఎంజైమ్ ఉంది. అందరిలోనూ ఇలా ఆగదు, ఇది తేలిక రకం లోపం ఉన్నవాళ్ళ సంగతి. మన దేశంలో ఎక్కువగా కనిపించే మెడిటరేనియన్ రకం లోపం దీనికన్నా తీవ్రమైనది, ఆదివాసీల్లో ఎక్కువగా ఉండే రకానికైతే ఒరిస్సా అనే పేరు పెట్టారు. వైవాక్స్ అనే రకం మలేరియా మళ్ళీ తిరగబెట్టకుండా 14 రోజులు ఇచ్చేది ఈ ప్రైమాక్వినే కాబట్టి ఏజెన్సీ ఊళ్ళల్లో పనిచేసే ఆశా వర్కర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, గోలీలు మొదలెట్టాక యూరిన్ రంగు మారితే ఆపి వెంటనే రమ్మని చెప్పే ఒక్క మాట మర్చిపోకండి.

మలేరియా మాట వచ్చింది కాబట్టి మీ ఆడబిడ్డ మాట కూడా తేల్చేద్దాం. ఈ జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లాడికి ఆ ఒక్క ఎక్స్ తల్లి నుంచే వస్తుంది, కాబట్టి బాబుకి ఇది వచ్చింది మీ వైపు నుంచే అన్నదాంట్లో అబద్ధం లేదు. మీకు రెండు ఎక్స్‌లలో ఒకటి బాగుంది కాబట్టి మీకు ఏమీ తెలియలేదు. కానీ ఇది ఎవరి తప్పూ కాదు, మలేరియా ఊళ్ళకి ఊళ్ళని తుడిచిపెట్టిన కాలంలో ఈ లోపం ఉన్న కణాల్లో ఆ క్రిమి సరిగా బతకలేకపోవడం వల్ల అలాంటివాళ్ళు కొంత తట్టుకుని మిగిలారు, అందుకే మలేరియా ఎక్కువగా ఉన్న దేశాలన్నిట్లో ఇది ఇంతగా పాతుకుపోయింది. ఆవిడ మళ్ళీ అంటే, మీ వంశానికి మలేరియా మందు మేమే తెచ్చాం అని నవ్వేసి ఊరుకోండి. మీకు తర్వాత పుట్టబోయే ప్రతి మగపిల్లాడికీ ఇది వచ్చే ఛాన్స్ సగం, ఆడపిల్లకి మీలాగే ఒక కాపీ మోసే ఛాన్స్ సగం. మేనమామకి ఇచ్చి చేసిన ఇళ్ళల్లో మాత్రం ఆడపిల్లకి రెండు వైపుల నుంచీ వచ్చి గట్టిగా బయటపడొచ్చు.

బాబుకి మూడు నెలలు నిండాక జీ6పీడీ ఎంత శాతం ఉందో లెక్కగట్టే టెస్ట్ మళ్ళీ ఒకసారి చేయించండి, మడిమ రక్తంతో చేసేది అనుమానం ఉన్నవాళ్ళని వేరు చేసే జల్లెడ (స్క్రీనింగ్) టెస్ట్ మాత్రమే. ఎప్పుడైనా రక్తం ఎక్కించినా, కణాలు పగిలి కోలుకుంటున్న రోజుల్లో అయినా టెస్ట్ చేస్తే కొత్త కణాల వల్ల నార్మల్ అని తప్పుగా రావచ్చు, అప్పుడు కూడా మూడు నెలలు ఆగి చేయించాలి.

ఇదే టెస్ట్ మీ తమ్ముడికి కూడా చేయించండి, పుట్టినప్పుడు రక్తం మార్చేంత కామెర్లు వచ్చాయంటే అతనికీ ఉండే అవకాశం బాగా ఉంది, ఇన్నాళ్ళూ ఏమీ కాలేదంటే రెచ్చగొట్టే మందేదీ పడలేదన్నమాట. అతనికి ఉందని తేలితే రేపు వయసు పైబడ్డాక షుగర్ చూసుకునేటప్పుడు ఒక్క మూడు నెలల షుగర్ టెస్టునే నమ్ముకోవద్దని చెప్పండి, అదే హెచ్‌బీఏ1సీ, కణాలు తొందరగా పోయేవాళ్ళలో అది ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, పరగడుపు, తిన్న తర్వాత చేసేవి కూడా చూడాలి. షుగర్‌కీ దీనికీ ఉన్న చుట్టరికం అంతవరకే. అతని నుంచి కొడుకులకి ఇది రాదు, కూతుళ్ళందరికీ మాత్రం ఒక కాపీ తప్పకుండా వెళ్తుంది, కాబట్టి వాళ్ళ కాన్పుల టైమ్‌కి ఈ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పి, మగపిల్లాడు పుడితే మొదటిరోజే బిలిరుబిన్, జీ6పీడీ రెండూ చూడమనాలి.